ఆధునిక వాస్తుకళ – ఎండా, నీడా

'వాస్తు' అనగానే తెలుగునాట చాలామందికి సింహద్వారం ఏ దిక్కున ఉండాలి, వంట ఇల్లు ఏ మూలన ఉండాలి, బావి ఎక్కడ తవ్వాలి అనే ప్రశ్నలే స్ఫురిస్తాయి. నిజానికి ఆ మాట పరిధి ఎంతో విశాలమైనది. నివసించడం అనే అర్థం గల 'వస్' ధాతువు నుండి పుట్టిన ఈ పదానికి నివాసస్థలమని అర్థం. మనుషులు ఉండటానికి, పనిచేసుకోవడానికి, కలుసుకోవడానికి కట్టుకునే సమస్త కట్టడాల నిర్మాణవిద్యే వాస్తుకళ. లలితకళలలో దీనికొక ప్రత్యేకత ఉంది. నచ్చని చిత్రం నుండి ముఖం తిప్పుకోవచ్చు; నచ్చని ఇంట్లో మాత్రం వేసవి అంతా గడపవలసి వస్తుంది.

గడచిన నూరేళ్లలో ప్రపంచమంతటా కట్టడాల రూపం పూర్తిగా మారిపోయింది. చదునైన కప్పు, నిటారు గీతలు, చెక్కడపు పని లేని నున్నటి గోడలు, వెడల్పాటి కిటికీలు నేడు ఏ పట్టణంలోనైనా కనిపిస్తాయి. ఈ రూపం ఎక్కడ పుట్టింది? చలిదేశాలలో పుట్టిన ఆ రూపం మండుటెండలు కాసే మన దేశానికి వచ్చినప్పుడు ఏమైంది? ఆధునిక వాస్తుకళ కథలో మనకు మిక్కిలి అవసరమైన భాగం ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

పూర్వకాలపు కట్టడంలో బరువంతా గోడే మోసేది. రాయి, ఇటుక, మట్టి, సున్నం, కలప ముఖ్యమైన సామగ్రి. గోడ బరువు మోయాలి కనుక అది మందంగా ఉండేది. పెద్ద కిటికీ పెడితే గోడ బలహీనపడుతుంది కనుక కిటికీలు చిన్నవిగా ఉండేవి. రాయలసీమలోని మట్టిమిద్దెలు, కోస్తా జిల్లాలలోని పెంకుటిళ్లు, నడుమ ఆకాశం కనిపించే మండువా లోగిళ్లు అన్నీ ఈ కట్టుబాటుకు లోబడినవే. ఆ కట్టుబాటులోనే వాటి చల్లదనపు రహస్యమూ ఉంది. మందమైన గోడ పగటి వేడిని వెంటనే లోపలికి రానివ్వదు. మండువా మీదుగా వేడిగాలి పైకి పోతుంటే వసారాల నుండి చల్లగాలి లోపలికి వస్తుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా కర్మాగారాలు ఇనుమును, గాజును పెద్దయెత్తున ఉత్పత్తి చేయసాగాయి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శన కోసం జోసెఫ్ పాక్స్టన్ ఇనుపచట్రంలో గాజుపలకలు బిగించి 'క్రిస్టల్ ప్యాలెస్' అనే విశాలమైన భవనాన్ని నిర్మించాడు. ఇటుక గోడ లేకుండానే ఒక మహాభవనం నిలబడగలదని అది లోకానికి చూపింది. 1885లో అమెరికాలోని షికాగో నగరంలో లోహపు చట్రం ఆధారంగా పది అంతస్తుల భవనం లేచింది. అదే సమయంలో ఇనుపకమ్మీలు పొదిగిన కాంక్రీటు వాడుకలోకి వచ్చింది. కాంక్రీటు నొక్కుడుకు ఎంత బరువైనా ఓర్చుకుంటుంది గాని లాగుడుకు పగిలిపోతుంది. ఉక్కు లాగుడుకు ఓర్చుకుంటుంది. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోపాన్ని మరొకటి తీరుస్తుంది. ఇక బరువు మోసే పని స్తంభాలది, దూలాలది అయింది. గోడకు ఆ చాకిరి తప్పింది. వాస్తుశిల్పి దానిని ఎక్కడైనా పెట్టవచ్చు, గాజుతో కట్టవచ్చు, అసలు తీసివేయనూ వచ్చు.

ఈ స్వేచ్ఛ లభించిన తరువాత కూడా భవనాలకు పాతకాలపు అలంకారాలు తగిలించడం ఎందుకని కొందరు ప్రశ్నించారు. వస్తువు చేసే పనిని బట్టే దాని రూపం ఏర్పడాలని అమెరికా వాస్తుశిల్పి లూయీ సల్లివన్ ప్రతిపాదించాడు. 1919లో వాల్టర్ గ్రోపియస్ జర్మనీలోని వైమార్ నగరంలో 'బౌహౌస్' అనే కళాశాలను స్థాపించాడు. కుర్చీ, దీపం, ఇల్లు అన్నింటినీ అనవసర అలంకారం లేకుండా, సామాన్యులకు అందుబాటులో ఉండేటట్లు తయారుచేయాలన్నది ఆ పాఠశాల ఆశయం. నాజీల ఒత్తిడి వల్ల 1933లో అది మూతపడినా, అక్కడి ఉపాధ్యాయులు పలు దేశాలకు వలసపోయి ఆ భావాలను అంతటా వ్యాపింపజేశారు.

స్విట్జర్లాండులో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన లె కార్బూజియే ఈ ఉద్యమానికి గొప్ప ప్రవక్త. భవనాన్ని స్తంభాలపై నేల నుండి పైకెత్తడం, లోపలి గదులను స్వేచ్ఛగా అమర్చడం, బరువు మోయని ముఖభాగం, పొడవాటి అడ్డ కిటికీలు, కప్పు మీద తోట అనే అయిదు సూత్రాలను ఆయన ప్రకటించాడు. పారిస్ సమీపంలో 1931లో పూర్తయిన 'విల్లా సవోయ్' ఈ సూత్రాలకు నమూనాగా నిలిచింది. అయితే దాని చదునైన కప్పు వానకు కారేది. ఆ సంగతిని ఇంటి యజమానురాలు వాస్తుశిల్పికి పలుమార్లు లేఖలలో మొరపెట్టుకుంది. పాఠ్యగ్రంథాలలో ఆ ఇంటి అందమే కనిపిస్తుంది గాని ఆమె మొర అంతగా కనిపించదు.

1932లో న్యూయార్కులోని ఆధునిక కళామ్యూజియంలో జరిగిన ప్రదర్శనతో ఈ శైలికి 'అంతర్జాతీయ శైలి' అనే పేరు స్థిరపడింది. పేరులోనే దాని బలమూ, బలహీనతా ఉన్నాయి. ఒకే రూపం అన్ని దేశాలకూ సరిపోతుందన్న విశ్వాసం దాని పునాది. మీస్ వాన్ డెర్ రోహె రూపొందించగా 1958లో న్యూయార్కులో పూర్తయిన 'సీగ్రమ్ భవనం' వంటి గాజు మేడలు ఆ విశ్వాసానికి శిఖరం. ఎడారిలోనైనా, సముద్రతీరంలోనైనా అదే పెట్టెను నిలబెట్టగలగడానికి అసలు కారణం శీతలయంత్రం. విలిస్ కారియర్ 1902లో రూపొందించిన ఆ యంత్రం లేకపోతే గాజుమేడ ఉష్ణదేశాలలో ఒక్క మధ్యాహ్నం కూడా మనుషులను నిలువనిచ్చేది కాదు.

యంత్రం సహాయం లేకుండానే ఆధునిక కట్టడాన్ని చల్లగా ఉంచవచ్చునని మన దేశంలో అప్పటికే ఒక భవనం నిరూపించింది. దాని పేరు 'గోల్కొండ'. అయితే అది ఉన్నది హైదరాబాదులో కాదు, అప్పట్లో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరిలో. అరవిందాశ్రమవాసుల నివాసం కోసం తలపెట్టిన ఈ కట్టడానికి హైదరాబాదు సంస్థానపు ప్రధాని సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుండి విరాళం లభించింది. వజ్రాలకు పేరుపొందిన గోల్కొండ పేరు దానికి ఆ విధంగా వచ్చింది. చెక్ దేశంలో పుట్టి జపానులో పనిచేస్తున్న ఆంటోనిన్ రేమండ్ దానికి నమూనా గీశాడు. ఆయన శిష్యుడు జార్జి నకషిమా, చెక్ యువకుడు ఫ్రాంటిషెక్ సామర్ పుదుచ్చేరిలోనే ఉండి పని చేయించారు. 1930ల చివర ప్రారంభమైన నిర్మాణం యుద్ధకాలపు ఇబ్బందుల నడుమ 1940లలో ముగిసింది.

ఆ కట్టడం తీరు నిశితంగా గమనించదగినది. భవనం తూర్పుపడమరలుగా పొడవుగా సాగి, దాని విశాలమైన ముఖాలు ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. ఉదయపుటెండ, సాయంకాలపుటెండ ఏటవాలుగా పడి గదులలోకి దూరిపోయేవి. వాటికి ఎదురుగా ఉన్నవి ఇరుకు గోడలే. ఉత్తర దక్షిణ ముఖాలకు మామూలు కిటికీలు లేవు. పైనుండి కింది దాకా అడ్డంగా అమర్చిన సన్నని పలకలు ఉన్నాయి. వాటిని తిప్పి గాలిని, వెలుతురును కావలసినంత మేరకు లోనికి రానివ్వవచ్చు. వాన వస్తే మూసివేయవచ్చు. గదికి, నడవకు మధ్య సందులున్న టేకు తలుపులు పక్కకు జరుగుతాయి. అందువల్ల తలుపు మూసినా గాలి ఆగదు. చదునైన కప్పుమీద కొంత ఎడం విడిచి వంపు తిరిగిన కాంక్రీటు పెంకులను పరిచారు. ఎండ వేడిని ఆ పెంకులే భరిస్తాయి; నడుమ ఉన్న గాలి దానిని తీసుకుపోతుంది. నేలకు నల్లని కడపరాయి, గోడలకు చెట్టినాడు పద్ధతిలో నున్నని సున్నపుపూత వాడారు. కాంక్రీటు, చదునైన గీతలు, అలంకారరాహిత్యం అన్నీ కొత్తవే. గాలిని పిలిచే నేర్పు మాత్రం ఈ నేలది. ఆధునికతను మనవారు చండీగఢ్‌లోనే తొలిసారి చూశారన్న అభిప్రాయం కొందరిలో ఉంది. గోల్కొండను చూస్తే అది సరికాదని తెలుస్తుంది.

అయినా చండీగఢ్ ప్రాముఖ్యం వేరు. 1947 దేశవిభజనలో పంజాబుకు రాజధాని అయిన లాహోరు పాకిస్తానుకు చెందిపోయింది. సర్వస్వం వదలి వచ్చిన కాందిశీకులకు, కొత్త దేశానికి ఒక కొత్త నగరం కావలసివచ్చింది. గతకాలపు సంకెళ్లు లేని నగరం నిర్మించాలన్నది జవహర్‌లాల్ నెహ్రూ ఆకాంక్ష. మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నొవికీ ప్రణాళిక సిద్ధం చేశారు. 1950లో నొవికీ విమానప్రమాదంలో మరణించడంతో మరుసటి ఏడు ఆ బాధ్యత లె కార్బూజియేకు వచ్చింది. ఆయన దాయాది పియేర్ జనరే, మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ ఆయనతో కలిసి పనిచేశారు. ఆదిత్య ప్రకాశ్, ఊర్మిళ ఎవులీ చౌదరి వంటి భారతీయులు ఆ బృందంలోనే చేయి తిరిగినవారయ్యారు.

హైకోర్టు, సచివాలయం, శాసనసభ అనే మూడు భవనాలలో లె కార్బూజియే పూత లేని పచ్చి కాంక్రీటును దాచకుండా చూపాడు. చెక్క అచ్చుల గుర్తులు కూడా ఆ గోడలపై కనిపిస్తాయి. ఈ మోటుదనాన్నే ఆ తరువాతి కాలంలో 'బ్రూటలిజం' అన్నారు. ఎండను ఆపడానికి ముఖభాగమంతా లోతైన గూళ్లలా కాంక్రీటు పలకలను నిలిపాడు. హైకోర్టుకు గొడుగు వంటి రెండో కప్పు వేశాడు. అవి చూడటానికి గంభీరమైనవి. అయితే పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు పలక సాయంత్రం ఆ వేడిని తిరిగి లోపలికి వదులుతుంది. పూర్వపు సజ్జా, జాలీ తేలికైనవి కనుక త్వరగా చల్లబడేవి. మహాశిల్పి సైతం ఉత్తరాది ఎండ ముందు పూర్తిగా గెలవలేదనే చెప్పాలి. 2016లో ఈ భవనసముదాయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

చండీగఢ్ నేర్పిన పాఠాన్నీ, అందులోని లోపాన్నీ గ్రహించిన తరం ఆ వెంటనే వచ్చింది. వారిలో చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులో జన్మించాడు. అమెరికాలో చదువుకొని వచ్చిన ఆయన రూపాన్ని నిర్ణయించవలసింది వాతావరణమేనని వాదించాడు. సబర్మతిలో 1963లో ప్రారంభమైన గాంధీ స్మారక సంగ్రహాలయం చిన్న చిన్న పెంకుటి మంటపాల సమూహం. వాటి నడుమ తెరిచి ఉన్న వాకిళ్లు, ఒక నీటికుండం ఉన్నాయి. గాజు కిటికీలకు బదులు చెక్కపలకల కిటికీలు పెట్టాడు. ఆకాశానికి తెరిచి ఉన్న చోటు ఉష్ణదేశపు మనిషికి గదితో సమానమని కొరియా అభిప్రాయం. మండువా ఇంట్లో పెరిగిన వారికి ఆ మాట వివరించనక్కరలేదు.

1960ల ఆరంభంలో గుజరాతులో తక్కువ ఖర్చు ఇళ్ల పోటీకి ఆయన పంపిన 'ట్యూబ్ హౌస్' నమూనా మరింత ముచ్చటైనది. అది సన్నగా, పొడవుగా ఉండే వరుస ఇల్లు. ద్వారం వద్ద ఉన్న పలకల సందుల నుండి గాలి లోనికి వస్తుంది. వేడెక్కిన గాలి వాలుగా ఉన్న కప్పు వెంట పైకి పాకి శిఖరం వద్ద ఉన్న రంధ్రం గుండా బయటకు పోతుంది. పోయిన గాలి స్థానంలో కొత్త గాలి కింది నుండి ప్రవేశిస్తుంది. పంకా లేకపోయినా ఇల్లే ఊపిరి పీల్చుకుంటుంది. హైదరాబాదులో 1968లో పూర్తయిన ఈసీఐఎల్ కార్యాలయ భవనం కూడా కొరియా రూపకల్పనే. ముంబయిలో 1983లో పూర్తయిన 'కాంచనజంగ' బహుళ అంతస్తుల భవనం మరొక చిక్కును విప్పింది. అక్కడ చల్లని సముద్రపుగాలి వచ్చేదీ, తీక్షణమైన సాయంకాలపుటెండ, వానజల్లు వచ్చేదీ పడమటి నుండే. పాత బంగళాలు వసారాతో ఈ చిక్కును తప్పించుకునేవి. కొరియా ఆ వసారానే ఆకాశంలోకి ఎత్తి, రెండంతస్తుల ఎత్తుగల తోటలుగా భవనం మూలల్లో అమర్చాడు.

పారిస్‌లో లె కార్బూజియే వద్ద పనిచేసి వచ్చిన బాలకృష్ణ దోషి అహమ్మదాబాదులో తన కార్యాలయమైన 'సంగత్'ను 1980 ప్రాంతంలో నిర్మించుకున్నాడు. సగం నేలలోకి దిగిన గదులు, వాటిపై అర్ధచంద్రాకారపు కప్పులు, ఆ కప్పులపై ఎండను తిప్పికొట్టే తెల్లని పింగాణీ ముక్కలు దాని విశేషాలు. ఇందోరు వద్ద 'అరణ్య' కాలనీలో ఆయన పేదలకు పూర్తి ఇళ్లు కట్టి ఇవ్వలేదు. పునాది, నీటి కుళాయి, మరుగుదొడ్డి వంటి కనీసపు ఏర్పాట్లు ఇచ్చి, ఎవరి శక్తికొద్దీ వారు ఇల్లు పెంచుకునే వీలు కల్పించాడు. వాస్తుకళలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని 2018లో అందుకుని, ఆ గౌరవం పొందిన తొలి భారతీయుడయ్యాడు. 2023లో మరణించాడు.

పేదవాని ఇల్లు అనగానే తప్పక తలచుకోవలసినవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులో పుట్టి, 1945లో భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన ఆయనకు గాంధీజీతో పరిచయం దారిదీపమైంది. దగ్గరలో దొరికే సామగ్రితోనే ఇల్లు కట్టుకోవాలన్న గాంధీజీ భావనను ఆయన జీవితాంతం పాటించాడు. ఇటుకలను పరుండబెట్టకుండా అంచుమీద నిలిపి, నడుమ ఖాళీ విడుస్తూ గోడ కట్టే పద్ధతిని బేకర్ ప్రచారంలోకి తెచ్చాడు. దానివల్ల ఇటుకలలో దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. నడుమ ఉన్న గాలిపొర వేడిని అడ్డుకుంటుంది. స్లాబులో కింది సగపు కాంక్రీటు చేసే పని స్వల్పమని గుర్తించి, అక్కడ మంగుళూరు పెంకులను పొదిగి సిమెంటును, ఉక్కును ఆదా చేశాడు. గోడకు పూత వేయడం ఖర్చుదండుగ అని ఆయన భావించాడు. చూసేవారికి బీదగా కనిపిస్తుందని ఇంటివారు జంకేవారు. ఆ జంకు మన పల్లెలలో నేటికీ ఉంది. స్లాబు వేస్తేనే పరువని పెంకుటిల్లు పడగొట్టినవారు ఏప్రిల్ మధ్యాహ్నం చెట్టుకింద మంచం వేసుకోవడం కనిపిస్తూనే ఉంటుంది.

ఈలోగా పడమటి దేశాలలో ఆధునికతపై తిరుగుబాటు వచ్చింది. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో పేదలకోసం కట్టిన 33 బహుళ అంతస్తుల భవనాల సముదాయాన్ని 1972 నుండి కూల్చివేశారు. నిర్వహణకు నిధుల లేమి, జాతివివక్ష కూడా దాని పతనానికి కారణాలే. అయినప్పటికీ విమర్శకులు దానిని ఆధునిక వాస్తుకళ మరణంగా చాటారు. చరిత్రను, అలంకారాన్ని, వినోదాన్ని తిరిగి ఆహ్వానించిన ఆధునికోత్తర శైలి, గొట్టాలను, మెట్లను భవనం బయటే చూపిన 1977 నాటి పారిస్ 'పాంపిడూ కేంద్రం', టైటానియం రేకులతో మెరిసే 1997 నాటి బిల్బావో 'గుగ్గన్‌హైమ్ మ్యూజియం' ఆ వరుసలోనివి. ఇరాకులో పుట్టిన జహా హదీద్ కంప్యూటరు సాయంతో నీటి కెరటాల వంటి వంపులను కట్టడాలుగా మార్చింది. 2004లో ఆమె ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి మహిళ అయింది.

మన నగరాలకు వచ్చింది వీటన్నింటికంటె చవకైన గాజుపొర. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలు గాజుమేడలతో నిండిపోయాయి. గాజు గుండా ఎండ సులభంగా లోపలికి ప్రవేశిస్తుంది. ఆ ఎండకు వేడెక్కిన నేల, బల్లలు వెలువరించే ఉష్ణకిరణాలు మాత్రం అదే గాజు గుండా బయటకు పోలేవు. ఎండలో నిలిపిన కారు ఎందుకు పొయ్యిలా కాగుతుందో గాజుమేడ కూడా అందుకే కాగుతుంది. దానిని చల్లార్చే యంత్రాలు ఆ వేడిని వీధిలోకి వదులుతాయి. వీధిలో ఉండేవారికి శీతలయంత్రం ఉండదు.

అదే ప్రాంతంలో దీనికి భిన్నమైన మార్గం చూపిన కట్టడమూ ఉంది. కరణ్ గ్రోవర్ రూపొందించిన సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటరును 2004లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. వలయాకారపు భవనం నడుమ వాకిలి, జాలీ గోడలు, కప్పుమీద పచ్చిక, గాలిని చల్లబరచి లోనికి పంపే గాలిగోపురాలు అందులో ఉన్నాయి. 2007లో కేంద్రప్రభుత్వం పెద్ద భవనాల విద్యుత్తు వినియోగానికి నియమావళిని ప్రకటించింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని తెచ్చింది. ఎండను తిప్పికొట్టే తెల్లని పూతను కప్పుకు వేయించడం అందులో ప్రధానాంశం. వేసవి రాగానే డాబాపై సున్నం కొట్టించే పాత అలవాటు ఆ విధంగా ప్రభుత్వపత్రంలోకి ఎక్కింది.

ఇంత నేర్పుతో కట్టినవాటిని నిలుపుకుంటున్నామా అన్నది వేరొక ప్రశ్న. ట్యూబ్ హౌస్ 1995లో నేలమట్టమైంది. ఢిల్లీ ప్రగతి మైదానంలో రాజ్ రేవాల్, ఇంజనీరు మహేంద్ర రాజ్ కలిసి 1972లో నిర్మించిన 'హాల్ ఆఫ్ నేషన్స్' నడుమ ఒక్క స్తంభం కూడా లేని మహామంటపం. ఇతర దేశాలలో ఉక్కుగొట్టాలతో కట్టే ఆ చట్రాన్ని, ఉక్కు ఖరీదైనది కనుక, మన కూలీలు చేతులతో కాంక్రీటు పోసి నిలబెట్టారు. వారసత్వ కట్టడంగా పరిగణించాలంటే అరవై ఏళ్లు నిండాలన్న వాదన ముందు నలభై అయిదేళ్ల ఆ మంటపం నిలవలేకపోయింది; 2017 ఏప్రిల్‌లో దానిని కూల్చివేశారు. అహమ్మదాబాదులో లూయీ కాన్ ఇటుకతో కట్టిన మేనేజ్‌మెంటు విద్యాసంస్థ వసతిగృహాలలో చాలావాటిని తొలగించాలన్న 2020 నాటి నిర్ణయం దేశవిదేశాల నిరసనతో ఆగింది గాని, 2022లో మళ్లీ ముందుకు వచ్చింది.

పుదుచ్చేరిలోని గోల్కొండ మాత్రం ఎవరు ఎందుకోసం కట్టారో అందుకే, నివాసంగానే, నేటికీ వాడుకలో ఉంది. అక్కడ ఉండేవారు ఎండా వానలను బట్టి ఆ సన్నని పలకలను తెరుస్తూ, మూస్తూ ఉంటారు.